సీట్లు కుట్టే అప్ప

సాలూరు లారీ షెడ్ల వెనక వాడలో ఆమెను అందరూ అప్ప అనేవారు. లారీ సీట్లకు కవర్లు కుట్టేది. పోలియోతో కాళ్లు చచ్చుబడడంతో, బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని చేతులతో నేలను నెట్టుకుంటూ తిరిగేది. ఎక్కడ వాలు కనిపించినా ముందు అరచెయ్యి ఆనించి చూసేది.

ఆ వాడ పిల్లలు కూడా అలాంటి చెక్కల మీదే జారుతూ లారీల కింద పడబోతుంటే, మునిసిపాలిటీ ఆ పిల్లలకో స్కేటింగ్ పార్కు మంజూరు చేసింది. ప్లాను గీసింది ఆ ఆఫీసులోనే పనిచేసే నేను. కాగితం నేల మీద పరిస్తే, అప్ప దాని మీద కూడా అరచెయ్యి పెట్టింది.

"నానూ లోపలికి ఎల్లగలనేటి బాబూ?"

"గేటు దగ్గర మెట్లు వద్దని వాలు గీశానప్పా."

"అయితే నానూ ఓపాలి జారతాను," అని నవ్వింది.

కట్టేటప్పుడు నన్ను వేరే ఊరికి వేశారు. ప్రారంభానికి వచ్చి చూస్తే గేటు దగ్గర మూడు మెట్లున్నాయి. వాననీళ్లు లోపలికి రాకుండా నేల ఎత్తు పెంచామనీ, వాలుకు చోటు చాల్లేదనీ కాంట్రాక్టరు అన్నాడు. మా ఇంజనీరును బతిమాలాను. సంతకాలు అయిపోయాయన్నాడు.

అప్ప కొత్త చీరలో వచ్చింది. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తానన్నాను.

"వొద్దు బాబూ. నన్నెత్తితే అందరూ నన్నే సూస్తారు. పిల్లల్ని సూడనియ్యి."

ప్రహరీ ఎత్తుగా ఉంది. ఆమె దాని పక్కన ఎండలో కూర్చుని లోపలి కేకలు వింటోంది. నేనూ అక్కడే నిలబడ్డాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

"నువ్వెల్లి సూసి, ఎలాగున్నాదో సెప్పు," అంది చివరికి.

వెళ్లాను. చాలా బాగుంది. ఆ మూడు మెట్లూ దిగొచ్చి ఆమెకు ఆ మాట చెప్పడానికే చాలాసేపు పట్టింది.