రేవులో ఎవరూ లేని మంగళవారం

వట్లూరు ఆసుపత్రిలో నా డ్యూటీ గది కిటికీ రోడ్డు వైపుకి ఉంటుంది. పొద్దున్నే వచ్చి తలుపు తీయగానే ముందు చేపల నీచు వాసన కొడుతుంది, వెనకాలే డబడబమని డీజిల్ చప్పుడు. కొల్లేరు వైపు నుంచి చేపల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. కొత్తగా చేరిన నర్సమ్మలు ముక్కు మూసుకుంటారు. వాసన నన్నేమీ చెయ్యదు. నన్ను పట్టుకునేది ఆ చప్పుడు. ఇన్నేళ్ళయినా అది వినపడగానే చేతిలో పని ఆగిపోతుంది, కిటికీ దగ్గరికి వెళ్ళి వ్యాను కనుమరుగయ్యేదాకా నిలబడతాను. "ఏంటండీ మేడమ్, వ్యానులో మీ చుట్టాలెవరైనా వస్తున్నారా?" అని మా చిన్న నర్సు లలిత ఆటపట్టిస్తుంది. నవ్వేసి ఊరుకుంటాను. డాక్టర్ పురుషోత్తం గారి గురించి ఆ పిల్లకి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియదు.

నర్సింగు పూర్తిచేసి పెంటపాడు నుంచి ఏలూరు వచ్చినప్పుడు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. కాలవ గట్టు మీద రెండు గదుల క్లినిక్. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో ఉండేవారు. కోపం వస్తే అరిచేవారు కాదు, "సరేలే" అనేవారు. ఆ "సరేలే" కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించేది. నేను చేరిన కొత్తల్లో ఒక తల్లి దగ్గుతో ఎగపోస్తున్న పసివాణ్ణి తెచ్చింది. స్టెతస్కోపు నా చెవులకి తగిలించి, వాడి వీపు మీద పెట్టి, "ఏం వినపడుతోంది అమ్మాయ్?" అన్నారు.

"ఊపిరండీ."

"ఊపిరి ఎవరికైనా వినపడుతుంది. దాని వెనకాల ఇంకోటుంది. కళ్ళు మూసుకో."

"కళ్ళెందుకండీ?"

"కళ్ళు తెరిచుంటే చూసిందే వింటావు."

మూసుకున్నాను. అప్పుడు వినపడింది, పెనంలో ఉప్పు వేగినట్టు సన్నగా చిటపట. ముఖం చూసే ఆయనకి అర్థమైపోయింది. "అదీ. ఇక నువ్వు నర్సువి," అన్నారు. కాలేజీ ఇచ్చిన పట్టా ఇంట్లో ఎక్కడో ఉంది. నేను నర్సునయింది మాత్రం ఆ పసివాడి వీపు దగ్గరే.

ఆయనకి ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. తండ్రి కొన్న కారు, పెట్రోలు ఇంజను. ఆ బండి చప్పుడు పక్కింట్లో ఎవరో కుట్టు మిషను తొక్కుతున్నట్టుండేది, మధ్యమధ్య దారం తెగినట్టు చిన్న తడబాటు. ప్రతి మంగళవారం క్లినిక్ మూసేసి, మందుల పెట్టె వెనక సీట్లో పెట్టుకుని, ఆయనా నేనూ కొల్లేరు లంకలకి బయల్దేరేవాళ్ళం. ఆయనే నడిపేవారు. రోడ్డు గట్టు మీదే వెళ్తుంది. ఊళ్ళు మాత్రం కాలవలకి అవతల, నీళ్ళలో పెరిగే కిక్కిస గడ్డి దుబ్బుల వెనకాల ఉంటాయి. ఒక్కో ఊరికి ఒక్కో రేవు. నీళ్ళ మీద చప్పుడు ఎంత దూరమైనా పోతుందిగా, కుట్టు మిషను చప్పుడు వినపడగానే అవతల దోనెలు కదిలేవి. మేము రేవు చేరేసరికి జ్వరాలూ, దగ్గులూ, పుళ్ళూ అన్నీ గట్టెక్కి వరసలో కూర్చుని ఉండేవి.

మేము ఏ వేళకి వస్తామో ఎవరికీ తెలియదు. ఒకచోట ఆలస్యమైతే అన్నిచోట్లా ఆలస్యమే. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ ఆ గట్ల మీద సిగ్నల్ గాలివాటుగా వచ్చిపోయేది. అందుకని గడియారమూ ఫోనూ ఎవరికీ పట్టలేదు, చెవులే చాలనుకున్నారు. డాక్టరు గారు హారన్ కూడా కొట్టేవారు కాదు. "రోగి ఇంటి ముందు హారన్ కొట్టేవాడు డాక్టరు కాదు, కండక్టరు," అనేవారు. ఇక రేవులో ఎవరూ లేకపోతే బండి నెమ్మది చేసి, ఒక్క చూపు చూసి, "ఎవరూ రాలేదంటే అందరూ బాగున్నారన్నమాట," అని ముందుకి పోనిచ్చేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. పరీక్షలో అందరూ పాసైతే మేష్టారి ముఖం ఎలా ఉంటుందో అలా ఉండేది.

కొత్తలంక రేవులో నాగమణి అనే అమ్మాయి వచ్చేది. నా ఈడుదే. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. ఆమె గుండెని డాక్టరు గారు నాకు పాఠంలా వినిపించారు. లబ్‌డబ్ మధ్యలో దూరంగా ఉరుము దొర్లినట్టు ఒక చప్పుడు. "మీరిద్దరూ నా గుండెని రేడియో చేసేశారండీ. పాటలేవన్నా వస్తున్నాయేంటి?" అని నవ్వేది నాగమణి. అలాంటి గుండెతో ఆమె గర్భవతి అయింది. డాక్టరు గారు ఆమెను తిట్టలేదు, భర్త వీర్రాజునీ తిట్టలేదు. "సరేలే" అన్నారంతే. ఏలూరు వచ్చి ఉండమంటే ఆమె ఒప్పుకోలేదు. "అక్కడ నాకెవరున్నారండీ? నెలలు నిండాక మీరే తీసుకెళ్దురుగాని." చివరికి ఒప్పందం కుదిరింది. నెలలు నిండగానే ఆయన కారులోనే తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్పిస్తారు. ఈలోగా దోనె ఎక్కడం దిగడం మంచిది కాదు, కదలకుండా పడుకోవాలి. ఆయాసం వస్తే మాత్రం ఆ మంగళవారం కారు చప్పుడు వినగానే రేవుకి తేవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే కారు పరువు తీసింది. రేవు నుంచి గట్టు మీదికి ఏటవాలు దారి, వానకి బురద. వెనక సీట్లో ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న ఒక ముసలాయన, ఆయన కొడుకు. పాత ఇంజను మూలిగింది, వణికింది, సగంలో ఆగిపోయింది. ఊరంతా తోస్తే గానీ ఎక్కలేదు. తిరుగు దారి పట్టాం. ఏలూరు పొలిమేరలో డాక్టరు గారు అన్నారు, "ఆ సీట్లో నాగమణి ఉండి ఉంటే?"

అంతే, ఇంజను మార్చాలని పట్టుబట్టారు. కొత్త కారు కొనుక్కోమని స్నేహితులు చెప్పారు. ఈ బండికున్న ఎత్తూ, వెనక సీట్లో మనిషిని పడుకోబెట్టే వెడల్పూ ఏ కొత్త కారుకీ లేవని ఆయన వాదన. అందులో వాళ్ళ నాన్నగారి మీది బెంగ కూడా కొంత కలిసి ఉందని నా అనుమానం. తాడేపల్లిగూడెంలో ఒక మేస్త్రి ఉన్నాడని తెలిసి కారు అక్కడికి తోలుకెళ్ళారు. ప్రమాదంలో నుజ్జయిన ఒక వ్యానులోంచి తీసిన డీజిల్ ఇంజను షెడ్డులో సిద్ధంగా ఉంది. పాతదానికంటే రెట్టింపు లాగుతుందట. ఇంజను కూర్చోబెట్టే మౌంటింగులు కొత్తగా వెల్డింగు చెయ్యాలి, రేడియేటరు ముందుకి జరపాలి, బరువు పెరుగుతుంది గనక ముందు చక్రాల సస్పెన్షన్ బలపరచాలి. డాక్టరు గారు పక్కనే స్టూలు వేసుకుని, ఆపరేషను చూస్తున్నట్టు అన్నీ అడిగి తెలుసుకున్నారు.

"లోపల కూర్చున్నవాళ్ళకి కాస్త గోలగా ఉంటుందండీ. డీజిల్ కదండీ మరి," అన్నాడు మేస్త్రి.

"గోలతో మనకేం పనయ్యా? గట్టు ఎక్కితే చాలు."

నేనక్కడే ఉన్నాను. ఆ మాట నా చెవిన కూడా పడింది, అవతలికి పోయింది. ఎవరికి తోస్తుంది?

పని అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. లంకలకి వెళ్ళడం ఆగింది. కారు రిపేరులో ఉందని, అవగానే వస్తామని కబురు పంపాం. ఆపైన వాయుగుండం పట్టుకుంది. వానలు, గాలి, కరెంటు స్తంభాలు పడిపోయి లంకలన్నీ చీకటి. చార్జింగు లేక అక్కడి ఫోన్లన్నీ మూగబోయాయి. కారు చేతికొచ్చిన మర్నాడే మంగళవారం. వాన ఇంకా పడుతూనే ఉంది. "ఇలాంటప్పుడే వెళ్ళాలి," అన్నారు ఆయన.

ఆ రోజు ఆయనంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ ఏటవాలు కనపడినా కావాలని దిగి, బురదలోంచి ఒక్క ఊపున పైకి ఎక్కించి, చిన్నపిల్లాడిలా నావైపు చూసేవారు. బండి డబడబలాడిపోతోంది, మాట్లాడాలంటే అరవాల్సివస్తోంది. మొదటి రేవులో ఎవరూ లేరు. రెండో రేవులో కూడా లేరు. తర్వాతి దాంట్లో ఒక కుక్క ఉంది.

"చూశావా అమ్మాయ్, కొత్త ఇంజను వేళావిశేషం! కొల్లేరంతా ఆరోగ్యంగా ఉంది," అని గట్టిగా నవ్వారు.

కొత్తలంక రేవులో మాత్రం బండి పూర్తిగా ఆపారు, ఇంజను ఆన్‌లోనే ఉంచి. కాలవ పొంగి ఎర్రగా పోతోంది. అవతల కిక్కిస దుబ్బులు గాలికి వంగుతున్నాయి, ఇళ్ళు కనపడవు. మా వైపు దోనె లేదు. అద్దం దించి, వాన ముఖం మీద కొడుతుంటే కాసేపు చూశారు. "ఆయాసం లేదన్నమాట. పడుకుని ఉంటుంది, పడుకోనీ. వచ్చేవారం తీసుకెళ్ళిపోదాం," అని అద్దం ఎత్తేశారు.

మర్నాడు పొద్దున్న క్లినిక్ ముందు ఒక చేపల వ్యాను ఆగింది. వీర్రాజు దిగాడు. వెనకాల ఖాళీ ట్రేల మధ్య గోనెసంచుల మీద నాగమణిని పడుకోబెట్టారు. డాక్టరు గారు వ్యానులోకి ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని స్టెతస్కోపు పెట్టారు. గుండె మీద పెట్టారు, కడుపు మీద పెట్టారు, మళ్ళీ గుండె మీద పెట్టారు. కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నారు. వినడానికి ఏమీ లేదని నాకు ఆమె పెదవుల రంగు చూడగానే తెలిసిపోయింది. ఆయనకీ తెలుసు. అయినా వింటున్నారు.

ఆయన వ్యాను దిగాక వీర్రాజు అడిగాడు. కోపంగా కూడా కాదు, ఆ గోదావరి మర్యాదతోనే అడిగాడు. "నిన్న మీరు రాలేదేమండీ?"

"వచ్చాను వీర్రాజూ."

"లేదండీ. మొన్నరాత్రి నుంచీ ఆయాసమండీ. మంగళవారం గదా, ఎలాగైనా వస్తారని దోనె కట్టు విప్పి పట్టుకునే కూర్చున్నానండీ. ఊరంతా చెవులు రిక్కించుకునే ఉన్నామండీ. మీ కారు చప్పుడు రాలేదండీ."

"రేవులో ఆగాను."

"రేవులో చేపల వ్యాను ఆగిందండీ. సరుకు కోసం వచ్చింది గావాలనుకున్నాం. అదొక్కటే వచ్చిందండీ నిన్న."

డాక్టరు గారు క్లినిక్ పక్కన నిలబెట్టిన తెల్లకారు వైపు చూశారు. వీర్రాజు కూడా అటు చూశాడు. వాడికి ఇంకా అర్థం కాలేదు. అర్థం కాకపోతే బాగుండునని నేను వేడుకున్నాను. కానీ డాక్టరు గారు వెళ్ళి కారెక్కి ఇంజను స్టార్టు చేశారు. డబడబమంది. వీర్రాజు అలాగే నిలబడి విన్నాడు. తర్వాత నేల మీద కూలబడిపోయాడు.

విధి అన్నారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. విధి తాడేపల్లిగూడెం వెళ్ళి ఇంజను కొనదు. ఆ అమ్మాయి బతకాలని కొన్న ఇంజను, ఆమె కోసమే గట్టెక్కిన ఇంజను, ఆమె చెవికి చేపల వ్యానయింది. దీనికి ఎవర్ని తిట్టాలో తెలిస్తే కాస్త ఊపిరాడేది. తిట్టడానికి ఎవరూ లేరు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డాక్టరు గారు మళ్ళీ తాడేపల్లిగూడెం వెళ్ళారు. పాత ఇంజను పెట్టెయ్యమన్నారు. "అదింకెక్కడిదండీ, విడగొట్టి తుక్కులో వేసేశామండీ. అలాంటిదే ఇంకోటి వెతుకుతాను గానీ, అదే చప్పుడు కావాలంటే ఎలాగండీ?" అన్నాడు మేస్త్రి, జరిగింది విని కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ తర్వాత కొన్ని మంగళవారాలు అదే బండిలో లంకలకి వెళ్ళాం. జీవితంలో హారన్ కొట్టని మనిషి, గట్టు మీద మొదటి రేవు నుంచి చివరి రేవు దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీసేవారు కాదు. కొంగలు లేచి ఎగిరిపోయేవి. జనం వచ్చేవారు, మందులు తీసుకునేవారు, ఆయన ముఖం చూసి తలలు దించుకునేవారు. కొత్తలంక దగ్గర మాత్రం వీర్రాజు ఎప్పుడూ రాలేదు.

ఒక రోజు క్లినిక్‌లో ఆయన స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని, రోగి ఛాతీ మీద పెట్టకుండానే తీసేశారు. "నువ్వు విను సరళా," అన్నారు. అప్పటిదాకా నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ సాయంత్రం రోగులందరూ వెళ్ళాక అన్నారు, "ఇంతకాలం అందరి గుండెలూ విన్నాను. నా కారు వాళ్ళకి ఎలా వినపడుతోందో ఒక్కసారి కూడా వినలేదు." క్లినిక్ మూసేశారు. ఆ తర్వాత ఎక్కువకాలం లేరు. ఆయన పోయాక కారు షెడ్డులోనే తుప్పు పట్టింది.

మొన్న మంగళవారం మా ఓపీ ఖాళీగా ఉంది. బెంచీల మీద ఒక్కరూ లేరు. లలిత టీ తెచ్చుకుని, కాళ్ళు చాపుకుని, "ఇవాళ హాయండీ మేడమ్. ఎవరూ రాలేదంటే అందరూ బాగున్నట్టేగా," అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను లేచి వరండా దాటి గేటు దాకా వెళ్ళాను. బెంచీలు ఖాళీ అయినప్పుడల్లా వెళ్తాను, అందుకే నాది చాదస్తం అంటారు ఇక్కడ. రోడ్డుకి అటూ ఇటూ చూశాను. ఎవరూ కనపడలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని విన్నాను.