యాంగ్‌డెన్ అతికించిన ములుకులు

మా కొత్త ఏడాది పండుగ లోంబా మూడో రోజున మా జట్టు కుర్రాడు ఛాదోర్ వదిలిన బాణం దారి తప్పి, దిగువ ఊరి మనిషి తొడుక్కున్న ఘో అంగీ చేతిని చీల్చుకుంటూ పోయింది. రక్తం రాలేదు గానీ గుడ్డకు జానెడు చిరుగు పడింది. నేను ఆ మనిషికి రెండడుగుల దూరంలో ఉన్నాను. బాణం వచ్చిన చప్పుడు నాకు వినపడలేదు. గుడ్డ చిరిగిన చప్పుడే వినపడింది.

మా ఎగువ ఊరికీ దిగువ ఊరికీ హా లోయలో ఏటా జరిగే పోటీ అది. నూట నలభై మీటర్ల అవతల నుంచి ఒకడు కొడుతుంటే, చెక్క పలక పక్కనే నిలబడి మేం పాడతాం, గంతులేస్తాం, ఎదుటివాణ్ణి ఎగతాళి చేస్తాం. భయం వేయదు. బాణం ఎటు వస్తోందో కంటికి ముందే తెలుస్తుంది. ఆ రోజు మాత్రం తెలియలేదు. వెళ్లి తీసి చూస్తే దానికి ములికి లేదు. ముందు బరువు లేని బాణం గాలివాటుకు తిరిగింది.

"తలకాయ లేని బాణాలతో ఆడతార్రా మీరు?" అని దిగువ ఊరి పెద్ద ల్హాబ్ అరిచాడు. "పండగ చేసుకోడానికొచ్చారా, మనుషుల్ని చంపడానికొచ్చారా?"

వాళ్లలో ఇంకొకడు అందుకున్నాడు. "ఆడదాని చెయ్యి పడితే అంతే మరి! మీ బాణాలు ఎవరు అతికిస్తారో మాకు తెలీదనుకున్నారా?"

ఆ మాట యాంగ్‌డెన్ గురించి. ఆమె భర్త నిడుప్ మా ఊరి బాణాలన్నీ బాగుచేసేవాడు. కార్బన్ బాణం కాడ లోపల బోలుగా ఉంటుంది. దాని చివర్లోకి మరలున్న చిన్న లోహపు ముక్కను జిగురుతో దించి, ములికిని ఆ మరలోకి బిగిస్తారు. ఆ ముక్క ఊడితే ములికీ పోతుంది. నిడుప్‌కి చూపు మందగించాక పని యాంగ్‌డెన్ చేతికొచ్చింది. పేరు మాత్రం నిడుప్‌దే. మూడేళ్ల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో అతను పోయాక కూడా ఆమె ఆ పని మానలేదు. పోటీల ముందు విల్లునూ బాణాన్నీ ఆడవాళ్లు తాకకూడదని మా పెద్దల పట్టింపు. అందుకని మేం ఆమె ఇంటి వెనక గుమ్మంలో బాణాలు పెట్టి వచ్చేవాళ్లం, రెండు రోజులాగి తెచ్చుకునేవాళ్లం. ఎవరైనా అడిగితే థింఫూలో చేయించామనేవాళ్లం. అది అబద్ధమని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

ల్హాబ్ గడువు పెట్టాడు. "మేం తిండి తినడం ముగించేలోగా మీ బాణాలన్నీ గట్టిగా ఉన్నాయని చూపించండి. లేదా పోటీ మాకు వదిలేసి పొండి."

మా జట్టు పెద్ద దాగో, నిడుప్‌కి అన్న. మైదానం అంచున పాడుతున్న ఆడవాళ్ల దగ్గరికి విసవిసా నడిచాడు. వెనకే మేమూ వెళ్లాం.

"ఏం పూశావమ్మా వీటికి? ఇంకాస్తయితే ప్రాణం పోయేది!"

యాంగ్‌డెన్ మొహం పాలిపోయింది. అయినా చెయ్యి చాపింది. "ముందా బాణం ఇటివ్వండి బావగారూ."

కాడ నోట్లో గోరు పెట్టి గీకింది. తెల్లటి పెళుసు పొట్టు రాలింది. వాసన చూసింది.

"ఇది నా జిగురు కాదు."

"మరెవరిది?"

ఆమె మిగతా బాణాలు తెమ్మంది. ఒక్కో ములికినీ వేళ్లతో పట్టుకుని మెలిపెట్టి చూసింది. ములికి ఊడినదానితో కలిపి ఎనిమిది బాణాలకు ఆ తెల్ల పొట్టే ఉంది. అప్పటికి ఛాదోర్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే పిన్నీ," అన్నాడు గొణుగుతూ. "ఈ ఏడు ఆడవాళ్ల చెయ్యి కలిసిరాదని ఎవరో అన్నారు. మా నలుగురివీ, తలా రెండు బాణాలు, ఊడదీసి, చిటికెలో అంటుకునే జిగురు కొనుక్కొచ్చి అతికించాను. గట్టిగానే పట్టుకుందనుకున్నా."

"ఇంట్లో పొయ్యి పక్కన గట్టిగానే ఉంటుందిరా. ఈ చలికి అది గాజుపెంకు. మొదటి దెబ్బకి పగుళ్లు, రెండోసారికి తల ఎగిరిపోతుంది. లోపల గరుకు కాగితం పట్టి రుద్దావా? స్పిరిట్ పెట్టి తుడిచావా?"

ఛాదోర్ అడ్డంగా తలూపాడు.

"ఇంటికి తీసుకెళ్లి చేసి తెస్తావా?" అన్నాడు దాగో, గొంతు తగ్గించి.

"పోయి రావడానికే గంట పడుతుంది. ఎందుకైనా మంచిదని సామాను సంచిలో తెచ్చుకున్నాను. ఇక్కడే చేస్తాను." ఆమె విలుకాళ్ల చలిమంట వైపు చూపించింది. "అందరి ముందూ. ఇంక వెనక గుమ్మంలో చెయ్యను."

ఆ మంట దగ్గరికి ఆడవాళ్లు వెళ్లరు. పక్కనే విల్లులు వేలాడుతున్నాయి. మా ముసలివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి దాగోనే వెళ్లి విల్లులన్నీ తీసి అవతల పెట్టి, "కూర్చోమ్మా" అన్నాడు.

ఆమె సంచిలో మూడు రకాల జిగురు ఉంది. రెండు గొట్టాల్లోంచి తీసి కలిపేది అన్నిటికంటే గట్టిది, కానీ రేపటిదాకా ఆరదు. దాన్ని పక్కన పెట్టేసింది. మిగిలినవి వేడికి కరిగి చల్లారగానే బిగిసే బంక కడ్డీలు. తెల్లవి నాలుగున్నాయి. నిడుప్ ఎప్పుడో తెప్పించిన తేనెరంగుది అర కడ్డీ మిగిలింది.

"తెల్లవాటితో కానివ్వు, చాలా ఉన్నాయిగా!" అన్నాను నేను తొందరపడుతూ.

"ఉన్నాయని పెడితే మళ్లీ ఎవడి చెయ్యో చిరుగుతుంది అన్నా."

విరిగిన కాడలు రెండు తీసుకుని, ఒకదానికి తెల్లదీ ఒకదానికి తేనెరంగుదీ పెట్టి, వాగులో మంచు పగలగొట్టి ఆ నీళ్లలో ముంచమని నాకిచ్చింది. అవతల దిగువ ఊరివాళ్లు అప్పుడే పండగ కుడుములు, హోంటేలు, తినడం మొదలుపెట్టారు. నా వేళ్లు కొంకర్లు పోయేదాకా ముంచి పట్టుకుని, తెచ్చిచ్చాను. ఆమె వాటిని దుంగకేసి కొట్టింది. రెండో దెబ్బకి తెల్లది ఊడి బూడిదలో పడింది. తేనెరంగుది ఏడు దెబ్బలకీ కదల్లేదు.

ఆ తర్వాత ఆమె తల ఎత్తలేదు. కాడను కాకుండా ములికిని మాత్రమే సెగకు చూపి, పట్టకారుతో పాత ముక్క లాగడం, కాడ లోపల గరుకు పట్టడం, తుడవడం, ముక్కకు బంక రాసి తిప్పుతూ దించడం. కాడ కాలితే చీలిపోతుంది. సెగ చాలకపోతే బంక పట్టదు. దాగో ఆమెకు గాలి తగలకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఏడోది అయ్యేసరికి కడ్డీ అయిపోయింది.

"ఎనిమిదోది పక్కన పెట్టండి," అంది. అది ములికి ఊడిన ఛాదోర్ బాణమే. అతని చేతి పొడవుకి ఇంకెవరి బాణమూ సరిపోదు. ఇక అతను ఒక్క బాణంతోనే ఆడాలి.

ల్హాబ్ వచ్చి ఏడు ములుకుల్నీ పట్టకారుతో లాగి చూశాడు. ఒక్కటీ రాలేదు. అయినా అతని కోపం తీరలేదు.

"ఇలా లాగితే ఏం తెలుస్తుంది? అతికించినావిడకి అంత నమ్మకముంటే పలక పక్కన నిలబడమనండి."

"ఆడమనిషిని అక్కడ నిలబెడతావా?" దాగో అతని మీదికి వెళ్లాడు.

యాంగ్‌డెన్ చేతులు తుడుచుకుని, కట్టుకున్న కీరా అంచు కొంచెం పైకి పట్టుకుని పలక వైపు నడిచింది. నేను పరిగెత్తి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఊపిరి పొగలా వస్తోంది.

దూరంగా ఛాదోర్ విల్లు ఎత్తాడు. లాగాడు. మళ్లీ దించేశాడు. రెండోసారీ అంతే. మైదానంలో పాట ఆగిపోయింది.

"ఒరేయ్ ఛాదోర్!" ఆమె గొంతు లోయంతా వినిపించింది. "అనుమానం నా జిగురు మీదా, నీ గురి మీదా? కొట్టరా! నాకు చలేస్తోంది!"

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు లేచాయి. ఛాదోర్ మూడోసారి విల్లు ఎత్తాడు. తీగ చప్పుడు మాకు వినిపించిన రెండు క్షణాలకి పలక 'ఠక్'మంది. ఆమెకు మూడడుగుల దూరంలో బాణం పలక పైఅంచున దిగబడి ఊగుతోంది. నేను కళ్లు మూసుకున్నానని అప్పుడు తెలిసింది. ఆమె మూసుకోలేదు.

ల్హాబ్ పలక మీద కాలు ఆనించి రెండు చేతులా లాగాడు. గట్టి చెక్క, తొందరగా వదల్లేదు. చివరికి బాణం వచ్చింది, ములికితో సహా. దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసి, "సరే, ఆడండి," అన్నాడు.

ఆ సాయంత్రం మేం ఓడిపోయాం. ఛాదోర్‌కి రెండో బాణం ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. మర్నాడు అతను బుట్టెడు హోంటేలు పట్టుకుని యాంగ్‌డెన్ ఇంటి ముందు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె లోపలికి పిలిచి, తినకముందే కాడ లోపల గరుకు ఎలా పట్టాలో నేర్పింది.

ఇప్పుడు దిగువ ఊరి బాణాలూ ఆమె దగ్గరికే వస్తున్నాయి. మా ముసలివాళ్ల పట్టింపు మాత్రం పోలేదు. ఆమె దగ్గర్నుంచి తెచ్చిన బాణాలకు ధూపం వేస్తేగాని ముట్టుకోరు. మొన్న దాగో కాస్త సిగ్గుపడుతూ ఆ సంగతి ఆమెకు చెప్పేశాడు.

"వేసుకోండి బావగారూ, నాకేం?" అందామె. "కాకపోతే ములుకుల్ని నిప్పుకి దూరంగా పెట్టమనండి. వేడికి బంక కరిగితే మళ్లీ నన్నే తిడతారు."