ఏడో మంచం సుబేదారు

బెంగుళూరు నా ఆఖరి పోస్టింగు. జూలై నెల, సన్నటి జల్లు. భుజాన కిట్ బ్యాగుతో మిలిటరీ ఆసుపత్రి గేటు దాటాను. నేను నర్సింగ్ అసిస్టెంటును. సైన్యంలో తుపాకీ కంటే బెడ్‌పానే ఎక్కువ మోశాను. గురి మాత్రం రెండింటిలోనూ అంతంతే.

నన్ను నొప్పి దళంలో వేశారు. మత్తు డాక్టరైన మేజర్ మేడమ్, ఒక సిస్టరు, నేను. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి ఆపరేషనైన వాళ్ల మంచాల చుట్టూ గస్తీ. "దగ్గితే నొప్పి పదికి ఎంత?" అని అడగాలి. ఆ అంకెను బట్టి మేడమ్ మందు మార్చేవారు. నొప్పి తగ్గితే మనిషి నిండుగా ఊపిరి తీస్తాడు, దగ్గుతాడు, నడుస్తాడు. లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. మా శత్రువు ఆ కఫమే.

ఏడో మంచంలో సుబేదారు. హొసకోటె మనిషి, కడుపు ఆపరేషను. పక్క మంచం సిపాయి "ఎనిమిది" అని ఏడ్చాడు. మందు పెంచితే మర్నాడే వరండాలో నడిచాడు. సుబేదారు మాత్రం మూడో రోజు కూడా "సున్నా, మేడమ్" అన్నాడు.

ఆమె అటు వెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కోసినట్టుండాదప్పా."

"మరి చెప్పొచ్చు కదా సాబ్?"

"ఆఫీసరుకు రిపోర్టంటే అంతా బాగుండాదనేదే. ఆయమ్మ రాసేది మెడికల్ బోర్డుకు పోతాది. ఒంట్లో బాగలేదని క్యాటగిరీ దించితే నా ప్రమోషన్ నువ్విస్తావా?"

"అది బోర్డుకు పోదు సాబ్."

"నువ్వు బెడ్‌పాన్ చూసుకోప్పా."

మేడమ్‌కు చెప్పేశాను. ఆమె వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నిజం చెప్పండి, సాబ్."

"సున్నా, మేడమ్."

"అయితే ఒకసారి దగ్గండి."

గొంతు సవరించుకుని, అదే దగ్గన్నట్టు చూశాడు. నుదుటి నిండా చెమట. ఆమె మాటను వదిలి చెమటను నమ్మారు, మందు పెంచారు. అప్పటికే కఫం చేరిపోయింది. సాయంత్రానికి జ్వరం, మర్నాటికి వెంటిలేటరు.

నొప్పి ఒప్పుకోవడమే తప్పనుకున్న మనిషి. మందు మా చేతిలోనే ఉంది, మనిషి మా ఎదుటే ఉన్నాడు. నాలాంటి వాగుడుకాయకూ ఆయన్ను ఒప్పించే మాట ఒక్కటి దొరకలేదు.

ఆ వారమే ఆయన పోయాడు.

రిటైరై సర్జాపురలో ఇంటికి చేరాను. అపార్టుమెంటు వాళ్లు యుద్ధం కబుర్లు చెప్పమంటారు. నా కళ్లకు కనిపించేది ఐసీయూ ఒక్కటే. వెంటిలేటరు మీదున్న సుబేదారు వైపు మేడమ్ వంగి, "నేను మేజర్‌ని, సాబ్. నొప్పి ఉంటే నా వేలు నొక్కండి" అన్నారు. ఆయన నొక్కలేదు. దుప్పటి కింద రెండు మడమలు మెల్లగా జరిగి, ఒకదానికొకటి ఆనుకుని, సావధాన్‌లో ఆగాయి.