క్లినిక్ ముందు మొరాయించే వ్యాను

మా కుట్టు ఫ్యాక్టరీ వ్యాన్ డ్రైవరు మావయ్యకు ఒకటే తెగులు. ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు చేసే క్లినిక్ గేటు ముందు తప్ప ఆయన బండి లోకంలో ఇంకెక్కడా ఆగిపోయేది కాదు. గుంతల్లో ఆగేది కాదు, ఎత్తులో ఆగేది కాదు. సరిగ్గా అక్కడికి రాగానే రెండు దగ్గులు దగ్గి మొరాయించేది. అందుకే అందరూ ఆయన్ని బ్రేక్‌డౌన్ మావయ్య అనేవాళ్లు.

షిఫ్టు దిగి ఇళ్లకు పోయే ఆడవాళ్లు శాపనార్థాలు మొదలెట్టేవాళ్లు.

"నీ బండి తుక్కులో కలవ."

"ఇంటికెళ్లేసరికి పిల్లలు నన్నే నంజుకు తింటారయ్యా."

మావయ్య బానెట్ ఎత్తి, ఇంజనుకు జ్వరం చూస్తున్నట్టు చెయ్యి ఆనించి, "అరగంట పడుతుందమ్మా" అనేవాడు. క్లినిక్ నర్సు బయటికొచ్చి, "ఎండలో ఎందుకు, ఫ్యాను కింద కూర్చోండి" అనేది. కూర్చున్నవాళ్లు కబుర్లలో పడేవాళ్లు. ఒకరిని చూసి ఒకరు పరీక్ష చేయించుకునే బయటికొచ్చేవాళ్లు.

ఫ్యాక్టరీ షెడ్డులో బండ్లు బాగుచేసేది నేనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పగా విప్పగా వచ్చింది.

"బండి గుర్రంలా ఉంది కదా మావయ్యా?"

"నీకేం తెలుసురా, గురువులేని వెధవా."

ఆ క్లినిక్ గడప తొక్కనిది అదే ఫ్యాక్టరీలో కుట్టే మా పిన్ని ఒక్కతే. "దుక్కలా ఉన్నాను, నాకేం రోగం" అంటూ దిగి ఇంటికి నడిచిపోయేది. ఆమె నడిచిపోయిన మర్నాడు బండి మళ్లీ అక్కడే ఆగేది.

ఒకరోజు చిలిపి బుద్ధి పుట్టి నేనూ బండెక్కాను. ఆగగానే, "దిగండి, తోద్దాం" అన్నాను. అందరూ కొంగులు బిగించి తోశారు. బండి అంగుళం కదల్లేదు. చూద్దును కదా, వెనక ఎర్రలైట్లు రెండూ భగభగా వెలుగుతున్నాయి. మహానుభావుడు లోపల బ్రేకు మీద కాలేసి కూర్చున్నాడు.

తోసి తోసి వగరుస్తున్న పిన్ని, "గుక్కెడు నీళ్లిస్తే యముడింటికైనా వస్తాను" అంటూ క్లినిక్కులోకి నడిచింది.

నీళ్లిచ్చిన నర్సు పనిలోపనిగా పరీక్షకూ కూర్చోబెట్టింది. రొమ్ములో శనగగింజంత గడ్డ దొరికింది. తొందరగా పట్టుకున్నారు కాబట్టి చిన్న ఆపరేషనుతో పోయింది.

"బ్రేకెందుకు తొక్కావు మావయ్యా?" అని షెడ్డులో అడిగాను.

"మీ అత్త ఉన్నన్నాళ్లూ రోజూ ఆ గేటు ముందునుంచే పోయాంరా. దిగుతాననడానికి ఆవిడకు సిగ్గు. ఆపుదామని నాకు తోచలేదు."

ఆ తర్వాత తుడిచిన అద్దాన్నే తుడుస్తూ ఉండిపోయాడు.

బండి నడపడం చేతకాదని కంపెనీ ఆయన్ని మాన్పించేసింది. నిజం చెప్పేస్తానన్నాను.

"నోర్ముయ్. నేను ఆపితే వెళ్లామని తెలిస్తే వాళ్లకు నామోషీ. వాళ్లంతట వాళ్లే వెళ్లినట్టుండాలి."

కొత్త డ్రైవరు మహా పనిమంతుడు. ఆ గేటు ముందు హారను కూడా కొట్టడు. అందరూ వేళకు ఇల్లు చేరుతున్నారు, ఎవరి మొహంలోనూ కళ లేదు. కొత్తగా చేరిన ఆడపిల్లలైతే క్లినిక్ వైపు తలైనా తిప్పరు.

మొన్న పిన్ని షెడ్డుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఒరే, ఈ బండికి ఏదో ఒక రోగం తెప్పించరా" అంది.

వెళ్లి మావయ్యకు చెప్పాను.

"గేటుకు ఇవతలే ఆపించు. అవతల గోడ నీడ ఉంటుంది. నీడ దొరికితే ఒక్కరూ లోపలికి పోరు."