వాటాదారు ఒంబాసా

ఒంబాసా న్యరాంగితో నా పరిచయం ఏడాదికి ఒక్క రోజుది. మే నెలలో సిగరెట్ల కంపెనీ తన వాటాదారుల్ని పిలిచి సభ పెట్టే రోజు. నైరోబీలో ఆ హాలుకి నేను తొమ్మిదింటికి వెళ్లేసరికే ఆయన మూడో వరసలో కూర్చుని ఉండేవాడు. గోధుమరంగు కోటు, మెడదాకా పెట్టిన గుండీలు, ఒళ్లో కంపెనీ పంపిన ఏడాది లెక్కల పుస్తకం. పక్క కుర్చీ మీద టోపీ పెట్టి నాకోసం అట్టేపెట్టేవాడు.

"రా, వకేషో చెల్లెమ్మా. ఈ ఏడు కూడా బతికే ఉన్నామన్నమాట."

నేను తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయినదాన్ని. నావి మా ఆయన పోతూ వదిలిన షేర్లు. ఒంబాసావి అలా వచ్చినవి కావు. అదే కంపెనీ ఫ్యాక్టరీలో, పెట్టెలు మూసే మిషను దగ్గర ఇరవైతొమ్మిదేళ్లు నిలబడ్డాడు. పనివాళ్లకి తక్కువ ధరకి షేర్లిస్తామని కంపెనీ అన్నప్పుడు తోటివాళ్లు నవ్వారు. "కాగితాలు ఉడకేసుకుని తింటావా?" అన్నారు. ఈయన మాత్రం క్రిస్మస్ బోనస్ వచ్చినప్పుడల్లా కొన్ని కొన్నాడు. తను మాత్రం ఒక్క సిగరెట్టూ కాల్చి ఎరగడు.

భార్య కెరుబో న్యామిరా కొండల్లో తేయాకు తోట చూసుకుంటూ ఉండేది. ఆమె తమ్ముడు కుర్రతనం నుంచీ సిగరెట్లు కాల్చి కాల్చి, ఊపిరితిత్తులు పాడై నలభై ఒకటో ఏట పోయాడు. ఆఖరి నాలుగు నెలలూ అక్క ఇంట్లోనే ఉన్నాడు. పడుకుంటే ఊపిరందక, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అతన్ని పూడ్చిపెట్టిన ఏడే కెరుబో శనివారం ఆరాధన చేసే సంఘంలో చేరి బాప్తిస్మం తీసుకుంది. ఆ నెలాఖరున డివిడెండు డబ్బుతో పిండి మూటా, దుప్పటీ కొనుక్కుని ఒంబాసా ఇంటికెళ్తే, ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"ఇది జీతం డబ్బా, కాగితాల డబ్బా?"

"కాగితాలదే."

"అయితే తీసుకుపో. వాణ్ణి చంపిన పొగ నా పొయ్యి మీద ఉడకడానికి వీల్లేదు."

"జీతం మాత్రం ఎక్కడిది కెరుబో? అదీ ఆ కంపెనీదే కదా?"

"జీతం నీ చేతులు కష్టపడితే వచ్చింది. ఇది జనం దగ్గితే వచ్చేది."

అమ్మెయ్యమని ఆమె అడగలేదు. అమ్ముతానని ఈయన అనలేదు. పిండి మూట పక్కింటివాళ్లకిచ్చి మర్నాడు బస్సెక్కాడు. వాళ్ల కూతురు బొసిబోరి చదువంతా తేయాకు డబ్బుతోనే సాగింది. ఉద్యోగం అయిపోయాక కూడా ఆయన ఊరికి పోలేదు. నైరోబీలోనే, కయోలే పేటలో ఒక గది తీసుకుని ఉండిపోయాడు. ఎందుకని ఓసారి అడిగాను.

"అక్కడికెళ్తే నా తప్పు నాకెదురుగా కూర్చుంటుంది చెల్లెమ్మా. ఇక్కడ ఎవరూ ఉండరు. ఎవరూ లేకపోవడమే తేలికనుకున్నా."

"తేలికగా ఉందా?"

ఆయన పుస్తకం పేజీలు తిప్పాడు. "మే నెల వస్తే బాగుంటుంది," అన్నాడు.

సభలో ప్రతి ఏడూ లేచి ఒకటే అడిగేవాడు: పాత పనివాళ్ల వైద్యం సంగతేమిటని. వేదిక మీద పెద్దమనిషి నవ్వుతూ "అదిగో, మన ఒంబాసా గారు లేచారు," అనేవాడు. హాలంతా చప్పట్లు కొట్టేది. జవాబు ఎప్పుడూ రాలేదు గాని, ఆ చప్పట్లకి ఆయన ముఖం వెలిగిపోయేది. చివర్న అందరికీ ఇచ్చే పొట్లంలో కోడికాలూ సమోసాలూ ఉండేవి. ఆయన అక్కడ తినేవాడు కాదు. ఇంటికి పట్టుకెళ్లి రెండు రోజులు తినేవాడు.

జబ్బు వచ్చి ఊళ్లన్నీ మూతపడ్డ ఏడు, సభ ఫోన్లోనే అని కంపెనీ సందేశం పంపింది. ఆయన చూసుకోలేదు. మామూలుగానే కోటేసుకుని హాలుకి వెళ్లాడు. అక్కడినుంచి నాకు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, జనం ఏరీ? వాచ్‌మన్ ఏదో ఫోనంటున్నాడు."

"అక్కడ ఎవరూ రారన్నా. మా ఇంటికి వచ్చెయ్. ఇద్దరం కలిసి చూద్దాం."

రెండు మటాటు వ్యాన్లు మారి వచ్చాడు. చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి, ఎదురుగా రెండు కుర్చీలు వేశాను. కూర్చునేముందు కోటు గుండీలు సరిచూసుకున్నాడు. ఈసారి ఆయన వైద్యం గురించి అడగలేదు. మళ్లీ మనుషుల మధ్య సభ ఎప్పుడని అడగమన్నాడు. టైపు చేసి పంపాను. చాలాసేపటికి ఒక ఆడగొంతు చదివింది: "ఒక వాటాదారు అడుగుతున్నారు..." ఈ పద్ధతిలో ఖర్చు తగ్గిందని, సహకరించినందుకు ధన్యవాదాలని జవాబు.

"నా పేరు చదవలేదేం?" అన్నాడు.

"చాలామంది పంపుతారు కదన్నా."

చపాతీలూ చిక్కుడుగింజల కూరా పెట్టాను. అన్నీ తిన్నాడు. మరుసటి ఏడూ అంతే, ఫోన్లోనే. ఆ తర్వాతి ఏడు ఎంత చూసినా రాకపోతే నేనే ఫోన్ చేశాను.

"అమ్మేశాను," అన్నాడు. "అన్నీ. ఇప్పుడు న్యామిరాలో ఉన్నా."

డబ్బు బ్యాంకులో వేసి, ఆ చీటీ జేబులో పెట్టుకుని కెరుబో ముందు నిలబడ్డాడట. ఆమె చీటీ ముట్టుకోలేదట.

"ఎవరికమ్మావు, బొసిబోరి నాన్నా?"

"ఎవరికో. నాకెలా తెలుస్తుంది?"

"అయితే నీ బదులు ఇంకెవడో తింటున్నాడు. పొగేం తగ్గింది?" అని, మళ్లీ, "నేను అమ్మమన్నానా? పద్దెనిమిదేళ్లలో ఒక్కసారన్నా ఉత్త చేతుల్తోనైనా వచ్చావా?" అందట.

ఇదంతా ఫోన్లో చెప్పి, చివర్న తనే అన్నాడు.

"నేనే అడగాల్సింది చెల్లెమ్మా. ఏం పట్టుకురమ్మంటావని అడిగుంటే సరిపోయేది."

పెరట్లో ఉన్న విడి గుడిసె ఇచ్చింది ఆయనకి. ఆమె పొయ్యి ఆమెది, ఈయన పొయ్యి ఈయనది. శనివారాలు చర్చి గేటుదాకా ఆమె వెనకే నడుస్తాడు. పాటలయ్యేదాకా బయట రాతి మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. పొమ్మనీ అనలేదు. డబ్బు బ్యాంకులోనే ఉంది, ఎవరూ తియ్యలేదు.

పొద్దున్నే ఆమెతో తేయాకు కోతకి వెళ్తాడట. మిషను మీద బిగుసుకుపోయిన వేళ్లు కదా, ముదురాకులు కూడా కోసేస్తాడు.

"రెండాకులూ ఒక మొగ్గా అని ఎన్నిసార్లు చెప్పాలంటూ ఇవాళ మూడుసార్లు తిట్టింది," అన్నాడు మొన్న ఫోన్లో. మూడుసార్లు అన్న మాట రెండోసారి కూడా చెప్పాడు.