పండుకున్న పిల్లల్ని లేపని ఆపా

ఆపా ఇక లేరన్న కబురు బడిలో ఉదయం ప్రార్థన ముగుస్తుండగా వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నారట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికల్లా మా మండల ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపు నిండా వెలిగే దీపాలు, జోడించిన చేతులు. విద్యాజ్యోతి అని ఒకరు, తీరని లోటు అని ఇంకొకరు. కొన్నేళ్ల కిందట ఇదే గ్రూపులో ఆపా బడి ఫొటో ఒకటి తిరిగింది. ఆ రోజు దాని కింద పగలబడి నవ్వే బొమ్మలు పెట్టిన వేళ్లే ఇప్పుడు దీపాలు పెట్టాయి. మనిషి పోయాక పొగడటంలో మావాళ్లను మించినవాళ్లు లేరు. పోయిన మనిషి తిరిగి అడగలేరన్న ధైర్యం కావచ్చు.

ఆపా ఒకప్పుడు మా ప్రధానోపాధ్యాయురాలు. ఉర్దూలో అక్కను ఆపా అంటారు. పిల్లలు, వాళ్ల తల్లులు, గేటు ముందు మిర్చీలు వేసే ముసలాయన, అందరికీ ఆమె ఆపానే. మా బడి షాద్‌నగర్ శివారులో, కంపెనీలకు దగ్గర్లో ఉంటుంది. పాలమూరు పల్లెల నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ.

ఆపా రాకముందు ఆ బడి అన్ని బడుల్లాగే నడిచేది. గంట కొట్టగానే గేటుకు తాళం పడేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు బయట ఎండలో నిలబడేవారు. లోపలికి వచ్చినవాళ్లు మొదటి పీరియడ్‌లోనే తూలేవారు. తూలినవాళ్లను మా సీనియర్ మాస్టారు చెవి మెలేసి లేపేవాడు. దీనికి క్రమశిక్షణ అని పేరు. పశువుల దొడ్డికి కూడా ఇంతకన్నా కాస్త ఆలోచన ఉంటుంది, ఏ గొడ్డు ఎందుకు మేత ముట్టలేదో కాపరి చూస్తాడు.

ఆపా వచ్చిన కొత్తలో ఏమీ మార్చలేదు. రోజూ గేటు దగ్గర నిలబడి వచ్చే పిల్లల ముఖాలు చూసేవారు. ఒకనాటి సాయంత్రం నన్ను వెంటబెట్టుకొని కంపెనీ పనివాళ్లుండే కిరాయి గదుల వైపు నడిచారు. రేకుల కింద వరసగా గదులు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. మూడో తరగతి పిల్ల ఒకతి బడి సంచీ ఒళ్లో పెట్టుకొని గడప మీద కూర్చుంది. లోపల వాళ్ల నాయిన పడుకొని ఉన్నాడు, రాత్రి షిఫ్టుకు పోవాలి. ఇంట్లోకి ఎందుకు పోలేదని ఆపా అడిగారు.

"నాయిన లేస్తడు టీచర్. నాయిన పోయినంక నేను పండుకుంట. మల్ల పొద్దు పొడవకముందే అమ్మ కంపెనీ బస్సుకు పోతది. తమ్మున్ని నేనే ఎత్తుకోవాలె."

తిరిగి వచ్చేటప్పుడు ఆపా బడి గేటు దాకా వచ్చాక, "పాఠం తర్వాత చూద్దాం బిడ్డా. ముందుగాల ఈ పిల్లలకు జర నిద్ర కావాలె" అన్నారు.

ఆ మాట మీదే కొత్త పద్ధతి మొదలైంది. తల్లులు బస్సెక్కే వేళకే ఆపా వచ్చి గేటు తెరిచేవారు. చంటి తమ్ముళ్లను ఎత్తుకొచ్చినా వద్దనేవారు కాదు, పక్కనున్న అంగన్‌వాడీ ఆయమ్మతో మాట్లాడి అక్కడ కూర్చోబెట్టేవారు. తరగతి గుమ్మం దగ్గర ప్రతి పిల్లా ఆగి ఒక సైగ చేయాలి. నిద్ర చాలకపోతే చేయి తల మీద, ఆకలైతే కడుపు మీద, బాగానే ఉంటే గుండె మీద. మన భాష రాని ఒడియా పిల్లలకు కూడా ఆ సైగ ఒక్కపూటలో వచ్చేసింది. తల మీద చేయి పెట్టినవాళ్లకు గది వెనక చాపలు ఉండేవి. కడుపు మీద పెట్టినవాళ్లకు ఆపా తన సంచీలోంచి అటుకులో, పుట్నాలో ఇచ్చేవారు. మొదటి గంటలో కొత్త పాఠం చెప్పకూడదని మాకు గట్టిగా చెప్పారు. నిన్నటిది చదివించాలి, బొమ్మలు వేయించాలి. పడుకున్నవాళ్లు లేచాకే కొత్తది మొదలు. అలా చేస్తే ఎవరూ వెనకబడరు.

మొదట్లో పిల్లలందరూ తల మీదే చేయి పెట్టారు. చాపలు చాలలేదు. సీనియర్ మాస్టారు నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు. ఆపా మాత్రం పడుకొమ్మన్నారు. రెండు మూడు రోజులకు నిద్ర రానివాళ్లకు విసుగొచ్చింది. పక్కన బొమ్మలు వేస్తున్నవాళ్లను చూసి ఒక్కొక్కరే లేచిపోయారు. నిజంగా నిద్ర కావలసినవాళ్లే మిగిలారు. "పిల్లలు అబద్ధమాడుతరని భయపడితే నిజం చెప్పెటోళ్లను ఎట్ల గుర్తుపడ్తం?" అనేవారు ఆపా. ఆ ఏడాది దసరా సెలవులు అయిపోయాక గడప మీద కూర్చున్న ఆ పిల్ల చదివిన పేరా నాకు ఇంకా గుర్తుంది. వేలు పెట్టకుండా, తడబడకుండా చదివింది.

అప్పుడు విద్యాశాఖ అధికారి తనిఖీకి వచ్చాడు. వచ్చారు అని రాయడానికి నాకు చేయి రావడం లేదు. వెంట ఒక విలేకరి, అద్దాలకు నల్ల కాగితం అంటించిన కారు. మొదటి గంట నడుస్తోంది. వెనక చాపల మీద నలుగురైదుగురు పిల్లలు నిద్రలో ఉన్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడి గది దద్దరిల్లేలా, ఇది బడా, ధర్మశాలా అని అరిచాడు.

ఆపా కుర్చీలోంచి లేచి దగ్గరికి వెళ్లి చెప్పారు: "సార్, జర మెల్లగ మాట్లాడుర్రి. పిల్లలు పండుకున్నరు."

ఆ గదిలో ఆ రోజు చదువుకున్న మనిషి మాట అదొక్కటే. ఆయనకు అది ధిక్కారంగా వినిపించింది. ఎందుకు పడుకున్నారని అడగలేదు. ఒక్క పిల్ల పేరైనా అడగలేదు. పడుకున్నవాళ్ల ముఖాల మీదకు వంగి ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. మర్నాడు అది పేపర్లో పడింది. సర్కారు బడిలో పిల్లల గురక అని శీర్షిక. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ఊరు ఊరంతా చదివింది. గ్రూపులో మావాళ్లు నవ్వింది దాన్ని చూసే.

వారం తిరక్కుండా ఆపాను డిప్యుటేషన్ మీద దూరపు ఊరికి పంపారు. ఇన్‌చార్జ్‌గా సీనియర్ మాస్టారు కూర్చున్నాడు. చాపలు స్టోర్ గదిలో పడ్డాయి. అలవాటు కొద్దీ ఒక బిహారీ పిల్లవాడు గుమ్మం దగ్గర ఆగి తల మీద చేయి పెడితే, తనను వెక్కిరిస్తున్నాడని మాస్టారు ఆ తల మీదే ఒకటి వేశాడు. ఆ పిల్లవాడు మళ్లీ బడి ముఖం చూడలేదు.

తల్లులకు వారంలో దొరికేది ఒక్క సెలవు, శుక్రవారం. ఆపాను తిరిగి పంపమని అడగడానికి ఆ రోజు వాళ్లు నన్ను కూడా రమ్మని ఆఫీసుకు పోయి వరండాలో కూర్చున్నారు. అధికారి బయటికి వచ్చి, ఇవాళ సంతకాలు ఉన్నాయి, సోమవారం రమ్మన్నాడు. గడప మీది పిల్ల తల్లి లేచి నిలబడింది. "సోమవారం రానీకి మాకు మీ అసొంటి నౌకరి కాదు సారు. మా పిల్లలు బళ్లె పండుకుంటే మీకేం పోయింది? ఇంట్ల జాగా ఉంటే ఇంట్లనే పండుకుంటుండిరి" అన్నది. ఆయన వాచీ చూసుకొని లోపలికి పోయాడు. ఆ వరండా గోడ మీద 'ప్రతి బిడ్డా ముఖ్యమే' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. రంగు మాత్రం కొత్తగా వేయించారు.

ఏడాది తిరిగాక జిల్లాలోని టీచర్లందరినీ ఒక శిక్షణకు పిలిచారు. పిల్లల అవసరాలను గుర్తించే ఉదయపు దినచర్య అట. గోడకు మూడు ముఖాల చార్టు వేలాడుతుంది. పిల్లలు లోపలికి రాగానే నవ్వే ముఖమో, మామూలు ముఖమో, ఏడ్చే ముఖమో ముట్టుకోవాలి, టీచరు టిక్కులు కొట్టాలి. ప్రారంభోపన్యాసం ఆ అధికారిదే. బిడ్డ మనసు తెలుసుకోకుండా బోధన లేదన్నాడు. ఆ దూరపు ఊరి నుంచి వచ్చిన ఆపా రెండో వరసలో కూర్చొని శ్రద్ధగా విన్నారు. చివర్లో అభిప్రాయాలు అడిగితే లేచి, "మంచిగున్నది సార్. ఏడ్చే ముఖం ముట్టుకున్న పిల్లకు తర్వాత ఏం చెయ్యాలె?" అని అడిగారు. శిక్షకుడు కాగితాలు తిరగేశాడు. ఆ సంగతి రెండో దశలో వస్తుందన్నాడు. ఆ రెండో దశ ఇప్పటికీ రాలేదు.

పోయిన వారం సంతాపసభ పెట్టారు. అదే అధికారి, ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఆమెలోని వినూత్న ఆలోచనలను తొలిరోజుల్లోనే గుర్తించి ప్రోత్సహించే భాగ్యం తనకు దక్కిందని మైకు ముందు చెప్పుకున్నాడు. ముందు వరసలో సీనియర్ మాస్టారు తల ఊపాడు. నేను లేచి, ఆయన ప్రోత్సాహం ఎక్కడిదాకా పోయిందో చెప్పాను: ఫొటో, పేపరు, డిప్యుటేషన్, వరండా. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ నావైపు చూడనూ లేదు. అంతలో సమోసాలు వచ్చాయి.

నేను మాత్రం ఆపాను ఆ సభలో పెట్టిన పూలదండ ఫొటోలో గుర్తుపెట్టుకోను. ఆమె రిటైరయ్యే ఏడాది, ఆ దూరపు ఊరి బడికి ఒకసారి చూడటానికి వెళ్లాను. పత్తి ఏరే కాలం. ఇక్కడ కూడా చాపలు వేశారేమోనని గదిలోకి తొంగి చూస్తే ఒక్కటీ లేదు. ఎందుకని అడిగితే, "ఇక్కడి పిల్లలకు నిద్ర ఫికర్ లేదు బిడ్డా. చేతులు చూడు" అన్నారు. పొద్దున్నే చేనుకు పోయి వచ్చిన పిల్లల వేళ్లు పత్తికాయ మొనలు గీరుకుపోయి, పగిలి ఉన్నాయి. పలక బలపం పట్టుకోవాలంటే వాళ్లకు మంట.

మెట్ల మీద గోరువెచ్చని నీళ్ల గిన్నె, పక్కన కొబ్బరినూనె. పిల్లలు వరసలో కూర్చున్నారు. గంట కొట్టేశారు. ఆపా తల ఎత్తలేదు. ఒక పిల్ల అరచేయిని తన ఒళ్లో పెట్టుకొని, కొంగుతో తడి అద్ది, ఒక్కో వేలికీ నూనె రాస్తున్నారు. ఆ పిల్ల రెండో చేయి తన వంతు కోసం గాలిలో అలాగే చాచి ఉంది.