నూకాలు పిల్లకి రాసే పూత

కరణంగారి భార్య మాణిక్యాంబ నలుపు. కులంలో ఆ ఊరికంతటికీ పెద్దింటి మనిషే. కానీ కాపురానికొచ్చిన రోజే అత్తవైపు వాళ్ళు "రంగుదేముంది లెండి, వంశం మంచిది" అనుకోవడం ఆమె చెవిన పడింది. పదేళ్ళు మోసింది ఆ మాటని. తీరా పుట్టిన ఆడపిల్లకీ తన రంగే వచ్చింది.

ఆ పిల్లకి నీళ్ళు పోసేది చాకలి నూకాలు. రోజూ శనగపిండీ మీగడా పసుపూ కలిపి నలుగు పెట్టేది. తన నాలుగు నెలల పైడిని వెంట తెచ్చి, పెరటి అరుగు మీద గోనె పరిచి పడుకోబెట్టేది. పైడి దబ్బపండు ఛాయ. ఆ పిల్లని చూస్తే మాణిక్యాంబకి ఒళ్ళు మండేది. చాకలి పిల్లకెందుకమ్మా ఆ రంగు, ఏం చేసుకుంటుంది?

ఒకనాడు విజయనగరం నుంచి పెద్దత్తగారు దిగింది. తిన్నగా పెరట్లోకొచ్చి, అరుగు మీది పిల్లని ఎత్తుకుని ముద్దులాడింది.

"అచ్చం మా వాళ్ళ ఛాయే. నీ పోలిక రాలేదు, బతికిపోయింది."

"అది నూకాలు పిల్లండీ," అంది మాణిక్యాంబ.

"మరి ఉయ్యాల్లో ఆ నల్లపిల్ల?"

"మీ మనవరాలు."

పెద్దత్తగారు పైడిని గోనె మీద పడేసినంత పని చేసి, కట్టుబట్టలతో నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకుంది. బట్టలు మార్చుకున్నాక కూడా ఉయ్యాల దగ్గరికి రాలేదు.

మర్నాటి నుంచి నూకాలు పిల్లని తేవడం మానేసింది. మాణిక్యాంబకి అన్నం సహించడం మానేసింది. ఈ దొంగముండ తన పిల్లకేదో రాస్తోంది, నా పిల్లకి మాత్రం పైపైన పిండి పూసి పోతోంది, అదే ఆలోచన.

"నీ పిల్లకేం రాస్తావే?"

"నానేటి రాస్తానమ్మా, మాకు మీగడెక్కడిది? ఉత్త నీల్లే."

"ఉత్త నీళ్ళకే అంత రంగొస్తుందా? నా దగ్గరా నీ వేషాలు?"

నాలుగో రోజు, ఎప్పుడూ గడప దాటని మనిషి చాకలిపేటకి నడిచి వెళ్ళింది. నూకాలు గుమ్మంలో కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పైడిని వేసుకుని, కొబ్బరిచిప్పలోంచి ఏదో తీసి రాస్తోంది. దొరికావే అనుకుంది మాణిక్యాంబ. దగ్గరికెళ్ళి చూస్తే చిప్పలో నల్లటి ముద్ద. ఆముదంలో కలిపిన పెనం మసి.

"ఇదేం పనే?"

"ఏటి సెయ్యనమ్మా. పెద్దమ్మగోరు ముద్దాడినారని పేటంతా తెలిసిపోనాది. కరణంగోరింటి ఛాయ నీ పిల్లకెలాగొచ్చిందే అని నవ్వుతున్నారు. మా ఆయన నాతో మాటాడ్డం మానేసినాడు. ఆడపిల్ల, రేపు పెద్దదైతే ఎవుల కల్లు పడతాయో. నల్లగుంటే బతికిపోద్ది."

మాణిక్యాంబకి జాలి కలగాలి. కలిగింది కూడా, రవ్వంత. ముట్టుకోకుండా వంగి, పిల్లని పరీక్షగా చూసింది.

"చెవుల వెనకా, మెడ మడతల్లోనూ తెలుపు కనబడుతోంది. అక్కడా రాయి."

"మీ కడుపు సల్లగుండ. మీరొక్కలే నా పిల్ల గురించి ఆలోసించినారు," అంది నూకాలు, చిప్పలో వేలు ముంచుతూ.

మాణిక్యాంబ ఇంటికొచ్చి, ఆ పూట కడుపునిండా అన్నం తింది.